బండిలో కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి ఈ వేదిక మీద డాక్టర్లు మాట్లాడారు, బ్యాంకు ఆఫీసర్లు మాట్లాడారు, అమెరికా నుంచి వచ్చిన తమ్ముడు కంప్యూటర్ల గురించి చక్కగా చెప్పాడు. నన్ను కూడా ఓ అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు పట్టుబట్టారు. "ఏం మాట్లాడాలండీ" అంటే "నీకు తెలిసిందే చెప్పు" అన్నారు. నాకు తెలిసింది ఆటో ఎలక్ట్రికల్ పని. 1982 నుంచి అదే చేస్తున్నాను. ఆరేళ్లు విజయవాడ ఆటోనగర్లో నేర్చుకున్నాను, ఆ తర్వాత మన ఊళ్లోనే షెడ్డు. బయట చింతచెట్ల కింద మీ కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటన్నిటిలోనూ ఉండేది, మీలో చాలామంది ఒక్కసారి కూడా చూడనిది ఒక వస్తువుంది. దాని పేరు ఆల్టర్నేటర్. దాని గురించి చెబుతాను.

ముందుగా ఒక ప్రశ్న. బండి నడుస్తున్నప్పుడు హెడ్ లైట్లకు, ఏసీకి, హారన్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? నా షెడ్డుకొచ్చే పదిమందిలో తొమ్మిదిమంది చెప్పే జవాబు "బ్యాటరీ నుంచి" అని. కాదు. బ్యాటరీ పని ప్రధానంగా ఇంజను స్టార్ట్ చేయడం. సెల్ఫ్ కొట్టిన ఆ ఒకటి రెండు సెకన్లూ దానిదే భారం. ఇంజను అందుకున్నాక బండిలో కరెంటంతా ఆల్టర్నేటరే ఇస్తుంది, బ్యాటరీకి కూడా అదే పోస్తుంది. మన ఇళ్ల మీద ట్యాంకు, కింద మోటారు ఉంటాయి కదా. మోటారు నడిచేటప్పుడు ట్యాంకు నిండుతూనే ఉంటుంది, కింద కుళాయిలూ నడుస్తాయి. మోటారు ఆగితే ట్యాంకులో ఉన్నంతసేపే నీళ్లు. బ్యాటరీ ట్యాంకు, ఆల్టర్నేటర్ మోటారు. ఈ తేడా తెలియకపోవడం వల్ల జనం ఎంత డబ్బు పోగొట్టుకుంటారో తర్వాత చెబుతాను.

మన తరానికి ఈ యంత్రం కొత్తదేమీ కాదు. సైకిలు డైనమో ఎంతమందికి గుర్తుంది? చేతులెత్తండి. చూశారా, సగం హాలు. వెనక చక్రం పక్కన సీసాలాంటిది, బొటనవేలితో నొక్కితే టైరుకు ఆనుకునేది. మా సైన్సు మాస్టారు ఒకరోజు క్లాసులోకి సైకిలు తోలుకొచ్చి, స్టాండు వేసి, ఒకణ్ణి పెడలు తిప్పమన్నారు. ముందు డైనమో ఆనించకుండా, తర్వాత ఆనించి, ఆ తర్వాత బల్బు వైరు తగిలించి. మూడోసారి పెడలు బరువెక్కింది. "ఈ బరువు ఎక్కడి నుంచి వచ్చిందిరా?" అన్నారు. ఎవరూ చెప్పలేదు. "నీ కాలి బలమే వెలుతురవుతోంది, అందుకు బరువు" అన్నారు. లెంజ్ నియమం పుస్తకంలో నాలుగు లైన్లుంటుంది. మాకు మాత్రం అది కాలి పిక్కల్లోంచి ఎక్కింది.

ఇక్కడొక విశేషం. మనమంతా డైనమో అని పిలిచిన ఆ సైకిలు సీసా నిజానికి డైనమో కాదు, ఆల్టర్నేటరే. విప్పి చూస్తే లోపల తిరిగేది అయస్కాంతం, చుట్టూ కదలకుండా ఉండేది తీగచుట్ట. వచ్చేది ఏసీ కరెంటు. ఆ రోజుల్లో నిజమైన డైనమోలు అంబాసిడర్లలో, పాత లారీల్లో ఉండేవి. వాటిలో ఏర్పాటు తలకిందులు. అయస్కాంతం కదలదు, తీగచుట్ట తిరుగుతుంది. పుట్టిన కరెంటంతా తిరిగే ముక్క మీది నుంచి కార్బన్ బ్రష్షుల ద్వారా బయటికి రావాలి. ఆ బ్రష్షుల కింద కమ్యుటేటర్ మీద నిప్పురవ్వలు లేస్తూనే ఉండేవి. నెలల్లో రాగి నల్లబడేది, బ్రష్షులు అరిగిపోయేవి. అంత బరువున్న వస్తువు 20 ఆంపియర్ల చుట్టుపక్కల ఇస్తే గొప్ప. పైగా ఇంజను ఐడిలింగ్‌లో ఉంటే దాదాపు ఏమీ ఇచ్చేది కాదు. పాత అంబాసిడర్లలో ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు లైట్లు ఎర్రబడి, యాక్సిలరేటర్ తొక్కగానే వెలిగేవి, గుర్తుందా? అది డైనమో చలవే.

మరి సైకిలుకే ఆల్టర్నేటర్ ఉన్నప్పుడు కారుకు ఎందుకు పెట్టలేదు? ఫారడే 1831లోనే విద్యుదయస్కాంత ప్రేరణ కనిపెట్టాడు. ఏసీ పుట్టించడం పెద్ద కష్టం కాదు. చిక్కల్లా బ్యాటరీది. బ్యాటరీకి ఏసీ పనికిరాదు, ఒకే వైపు నడిచే డీసీ కావాలి. ఏసీని డీసీగా మార్చే వస్తువు బానెట్ కింద వేడికి తట్టుకునేది, చిన్నది, చవకైనది కావాలి. సిలికాన్ డయోడ్ వచ్చేదాకా అలాంటిది లేదు. అది రాగానే అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1960 వాలియంట్ కారులో ఆల్టర్నేటర్ పెట్టింది. మన దేశంలో మామూలు జనానికి అది అలవాటైంది 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక. నేను ఆటోనగర్లో డైనమోలకు కమ్యుటేటర్లు లేతు మీద పట్టించి అంచులు గీకడం నేర్చుకుంటూ ఉండగానే ఆ విద్యకు కాలం చెల్లిపోయింది. సరే, దానికి బాధేం లేదు.

ఇప్పుడు లోపలికి వెళదాం. ఆల్టర్నేటర్ విప్పితే మధ్యలో రోటర్ ఉంటుంది. ఒక తీగచుట్టను రెండు ఇనుప గిన్నెల మధ్య పెట్టి మూసినట్టుంటుంది. ఆ గిన్నెల అంచులు పంజా గోళ్లలాగా వంగి, ఒకదాని సందుల్లోకి ఇంకొకటి దూరి ఉంటాయి. సాధారణంగా ఇటు ఆరు, అటు ఆరు. తీగచుట్టలోకి కాస్త కరెంటు పంపితే ఒక వైపు గోళ్లన్నీ ఉత్తర ధ్రువాలు, రెండో వైపు గోళ్లన్నీ దక్షిణ ధ్రువాలు అవుతాయి. అంటే చుట్టూ 12 ధ్రువాలు, ఒకటి విడిచి ఒకటి. ఈ రోటర్ తిరుగుతుంటే చుట్టూ ఉన్న స్టేటర్ చుట్టల ముందు నుంచి ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని పరిగెడతాయి. చుట్టల్లో కరెంటు అటూ ఇటూ ఊగుతుంది. స్టేటర్‌లో చుట్టలు మూడు జట్లు, త్రీ ఫేజ్. మన పొలం మోటార్లకు వచ్చే త్రీ ఫేజే, కాకపోతే మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగితే ఇది ఐడిలింగ్‌లోనే 200 సార్లు ఊగుతుంది.

ఆ లెక్క ఎలా వచ్చిందో పిల్లల కోసం చెబుతాను. ఇంజను ఐడిలింగ్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకోండి. ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది, ఇంజను పుల్లీ పెద్దది. కాబట్టి ఆల్టర్నేటర్ రెండున్నర రెట్లు, అంటే 2000 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు ఆరు జతల ధ్రువాలు. 2000ని ఆరుతో గుణించి 60తో భాగించండి. 200 వస్తుంది. హైవే మీద ఇంజను 3000 తిరిగితే ఇది 7500 తిరుగుతుంది. కారు పాత రేడియోలో ఇంజను స్పీడుతో పాటు పెరిగే సన్నని కూత వినే ఉంటారు. అది ఈ ఊగిసలాటే.

డైనమోకూ దీనికీ అసలు తేడా ఇక్కడ చూడండి. దీనికీ బ్రష్షులున్నాయి, కానీ అవి మోసేది రోటర్‌కు కావలసిన నాలుగైదు ఆంపియర్లే. బయటికొచ్చే 60, 80 ఆంపియర్ల పెద్ద కరెంటు కదలని స్టేటర్ నుంచి నేరుగా వస్తుంది. బ్రష్షు దాని దారిలోనే లేదు. అందుకే నిప్పురవ్వలు లేవు, లక్ష కిలోమీటర్లు తిరిగినా బ్రష్షు ఉంటుంది. యజమాని పీట మీద కూర్చుని కనుసైగ చేస్తే కూలీలు బస్తాలు మోసినట్టు, చిన్న కరెంటు పెద్ద కరెంటును నడిపిస్తుంది.

స్టేటర్ మూడు వైర్లూ వెళ్లి డయోడ్ ప్లేటుకు తగులుతాయి. అక్కడ ఆరు డయోడ్లు. డయోడంటే ఒకవైపే తెరుచుకునే తలుపు. కరెంటు ఎటు ఊగినా ఈ ఆరు తలుపులు దాన్ని ఒకే దారిలోకి మళ్లించి బ్యాటరీ ప్లస్‌కు పంపుతాయి. ఇంకో మేలు, ఇంజను ఆగినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి కారకుండా ఆపేవి కూడా అవే. డైనమో రోజుల్లో ఆ పనికి కటౌట్ అని వేరే పెట్టె ఉండేది. దాని పాయింట్లు అతుక్కుపోతే బ్యాటరీ డైనమోలోకి దిగిపోయి, వైర్లు పొగలు కక్కేవి.

మిగిలింది రెగ్యులేటర్. ఇంజను వేగం ఒకసారి 800, ఒకసారి 4000. వేగంతో పాటు వోల్టేజి పెరుగుతూ పోతే బల్బులు మాడిపోతాయి. అందుకని రెగ్యులేటర్ ఎప్పుడూ వోల్టేజి చూస్తూ, 14 దాటబోతుంటే రోటర్‌కు వెళ్లే చిన్న కరెంటు ఆపుతుంది, తగ్గితే మళ్లీ ఇస్తుంది. సెకనుకు కొన్ని వందల సార్లు ఈ ఆపడం, ఇవ్వడం. బండిలో వోల్టేజి 13.8కీ 14.5కీ మధ్య నిలబడుతుందంటే ఆ చిన్న ముక్క వల్లే. అది ఇచ్చేయడం మొదలుపెట్టి ఆపడం మర్చిపోతే వోల్టేజి 15, 16 దాటుతుంది. బ్యాటరీలో నీళ్లు మరిగిపోతాయి, బానెట్ ఎత్తితే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. ఆ వాసన వస్తే దగ్గర బీడీ వెలిగించకండి. బ్యాటరీలోంచి వచ్చేది హైడ్రోజన్ కూడా.

మరి రోటర్‌కు మొదటి కరెంటు ఎవరిస్తారు? బ్యాటరీయే. తాళం తిప్పగానే మీటర్ బోర్డులో బ్యాటరీ బొమ్మతో ఎర్ర లైటు వెలుగుతుంది కదా. పాత రకం బండ్లలో ఆ బల్బు గుండానే రోటర్‌కు మొదటి కరెంటు వెళుతుంది. ఆల్టర్నేటర్ అందుకున్నాక రెండు వైపులా వోల్టేజి సమానమై బల్బు ఆరిపోతుంది. కాబట్టి తాళం తిప్పినప్పుడు ఆ లైటు అసలు వెలగకపోతే "హమ్మయ్య, అంతా బాగుంది" అనుకోవద్దు. బల్బో వైరో పోయిందని అర్థం. అలాంటి బండిలో ఛార్జింగ్ సరిగా ఎక్కదు.

బ్యాటరీ పూర్తిగా చచ్చిన కొత్త కారును ఎంత నెట్టినా స్టార్ట్ కాకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. పాత డైనమో ఇనుములో కాస్త అయస్కాంతత్వం మిగిలి ఉండేది, నెడితే అందుకునేది. ఇప్పటి బండిలో రోటర్‌కు కరెంటు లేదు, పెట్రోలు పంపుకు లేదు, ఈసీయూకు లేదు. పెళ్లివారు పదిమంది చెమటలు కక్కుతూ నెడుతుంటే చూసి జాలిపడ్డాను చాలాసార్లు.

ఇప్పుడు డబ్బు సంగతి.

మన పక్కన రెంటచింతల ఎండల సంగతి నేను చెప్పక్కర్లేదు. మన పల్నాడు ఎండకు బ్యాటరీలు తొందరగా పోతాయి. వేడికి లోపలి రసాయన చర్య పెరిగి ప్లేట్లు తినేస్తుంది, నీళ్లు ఆవిరైపోతాయి. అందుకని ఇక్కడ బండి స్టార్ట్ కాకపోతే ఎవడైనా మొదట అనేమాట "బ్యాటరీ పోయింది సార్, మార్చేద్దాం." సగం సార్లు అది నిజమే. మిగిలిన సగమే నా బాధ.

నాకు తెలిసిన ఒక ట్యాక్సీ కుర్రాడున్నాడు. మన బడిలోనే చదివాడు, పదోతరగతి తర్వాత ఆగిపోయాడు. పిడుగురాళ్ల నుంచి గుంటూరుకు వారానికి రెండుసార్లు డయాలసిస్ పేషంట్లను తీసుకెళతాడు. ఆరు నెలల్లో రెండు బ్యాటరీలు కొన్నాడు. మూడోది కొనమంటే నా దగ్గరికి వచ్చాడు. ఇంజను ఆన్ చేసి, లైట్లూ ఏసీ వేసి, ఆల్టర్నేటర్ వెనక బోల్టు మీద మీటర్ పెడితే 14.3 చూపించింది. బ్యాటరీ మీద పెడితే 13.1. మధ్యలో 1.2 వోల్టులు ఎక్కడ పోయాయి? మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఆల్టర్నేటర్ ఒంటి మీద పెట్టాను. 0.9 చూపించింది. అంటే ఎర్త్. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే అల్లిక వైరు పచ్చగా చిలుమెక్కి, సగం పోగులు తెగిపోయి ఉంది. దాన్ని మార్చి, బాడీ మీద రంగు గీకి, వాసెలిన్ రాసి బిగించాం. ఆ వైరు ఖరీదు ఒక పూట భోజనం. పోగొట్టుకున్నది రెండు బ్యాటరీలు, ఎన్నో కిరాయిలు. అంతకంటే ముఖ్యం, లోపల సూదులతో నాలుగు గంటలు పడుకుని వచ్చిన మనిషి దారిలో చీకట్లో కూర్చోవడం.

అందుకని మీలో కారున్న ప్రతివాళ్లూ ఒక మల్టీమీటర్ కొనుక్కోమని అడుగుతున్నాను. సినిమా టిక్కెట్ల ఖర్చు. దానితో చూడవలసినవి కొన్నే. రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీ మీద పొద్దున్నే 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12 కంటే తక్కువైతే దిగిపోయింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎవరినైనా మీటర్ చూడమనండి. తొమ్మిదిన్నర కంటే కిందికి పడితే బ్యాటరీ బలహీనం. ఇంజను నడుస్తున్నప్పుడు, లైట్లు వేసి యాక్సిలరేటర్ కాస్త తొక్కి, 13.5కు తగ్గకుండా ఉంటే ఆల్టర్నేటర్ మీద నింద వేయకండి. మీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెడితే అర వోల్టు దాటి చూపిస్తే డయోడ్ ఒకటి పోయినట్టు అనుమానించాలి. డయోడ్ లీకైతే రాత్రిపూట దాని గుండానే బ్యాటరీ దిగిపోతుంది. కొత్త బ్యాటరీ వేసినా మూడోరోజు అదే గతి.

కొత్త కార్లున్నవాళ్లకు ఒక మాట. ఇప్పటి చాలా బండ్లలో ఛార్జింగ్‌ను కంప్యూటరే నడుపుతోంది. మీరు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఛార్జింగ్ తగ్గించి, కాలు తీసినప్పుడు పెంచుతుంది, పెట్రోలు మిగల్చడానికి. అలాంటి బండిలో ఒక్కోసారి 12.7 కనిపిస్తుంది, ఒక్కోసారి 14.9. ఇది జబ్బు కాదు. ఆ బండ్లలో బ్యాటరీ మైనస్ దగ్గర చిన్న సెన్సార్ పెట్టె ఉంటుంది. ఎక్స్‌ట్రా హారనో, లైట్లో పెట్టించేటప్పుడు వాటి ఎర్త్ బాడీకి ఇవ్వాలి, బ్యాటరీ మైనస్ గూటానికి కాదు. అక్కడ ఇస్తే సెన్సార్‌కు ఆ లెక్క తెలియదు.

బ్యాటరీ గురించి ఇంకో అపోహ. "రోజుకు పదిసార్లు స్టార్ట్ చేస్తే బ్యాటరీ దిగిపోతుంది" అంటారు. లెక్క వేద్దాం. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ 150 ఆంపియర్లు తీసుకుంటుంది, రెండు సెకన్లు. అంటే 300 ఆంపియర్ సెకన్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 1,26,000. ఒక స్టార్ట్‌కు ఖర్చయ్యేది 420వ వంతు. బండి కదిలిన ఒకటి రెండు నిమిషాల్లో ఆల్టర్నేటర్ ఆ బాకీ తీర్చేస్తుంది. అదే పార్కింగ్ లైట్లు మర్చిపోయారనుకోండి, రెండు ఆంపియర్లే. కానీ పది గంటల్లో 20 ఆంపియర్ అవర్లు. బ్యాటరీలో సగానికి పైగా పోయింది. పెద్ద కరెంటు కొంచెంసేపు కంటే చిన్న కరెంటు చాలాసేపు ప్రమాదం. వడ్డీ వ్యాపారం లాగా. అలా దిగిపోయిన బ్యాటరీని అరగంట తిప్పితే నిండిపోతుందనుకోకండి. సీసం బ్యాటరీ చివరి భాగం గంటల తరబడి నెమ్మదిగా తాగుతుంది. షెడ్డులో ఛార్జింగ్ పెట్టించడమే దానికీ ఆల్టర్నేటర్‌కూ మంచిది.

ఇక మెకానిక్ తమ్ముళ్లు చేసే ఒక పరీక్ష గురించి గట్టిగా చెప్పాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీస్తారు. ఇంజను ఆగకపోతే "ఆల్టర్నేటర్ బాగుంది", ఆగితే "పోయింది". డైనమో కాలం నుంచి వస్తున్న అలవాటిది. అప్పుడు బండిలో పాడవడానికి బల్బులు తప్ప ఏమీ లేవు. ఇప్పుడేమవుతుందో వినండి. ఆల్టర్నేటర్ 40 ఆంపియర్లు బ్యాటరీలోకి పోస్తోంది. ఒక్కసారిగా బ్యాటరీ పక్కకు పోయింది. రెగ్యులేటర్ వెంటనే రోటర్ కరెంటు ఆపేసినా, ఆ చుట్టలో ఉన్న అయస్కాంతత్వం ఒక్క క్షణంలో చావదు. ఆ సెకనులో భాగంపాటు పుట్టిన కరెంటుకు పోవడానికి చోటులేక వోల్టేజి 80, 100 దాకా ఎగిరే వీలుంది. కొత్త ఆల్టర్నేటర్లలో దాన్ని 35 ప్రాంతంలో అణిచే జీనర్ డయోడ్లు పెడుతున్నారు, కానీ అన్నిటిలో ఉంటాయని ఎవరు హామీ ఇస్తారు? ఆ దెబ్బ తగిలేది ఈసీయూకు, ఏబీఎస్‌కు, మ్యూజిక్ సిస్టమ్‌కు. ఒక్క ఈసీయూ ఖరీదుకు ఆల్టర్నేటర్లు మూడో నాలుగో వస్తాయి. మీ బండి మీద ఎవరైనా ఆ స్పానర్ వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. మొహమాటం వద్దు.

దారిలో ఎర్ర లైటు వెలిగితే ఏం చేయాలి? మొదట చూడవలసింది ఛార్జింగ్ కాదు, టెంపరేచర్ ముల్లు. చాలా ఇంజన్లలో ఆల్టర్నేటర్‌నూ వాటర్ పంపునూ ఒకే బెల్టు తిప్పుతుంది. బెల్టు తెగితే రెండూ ఆగుతాయి. ముల్లు పైకి ఎక్కుతుంటే అక్కడే ఆపండి, ఇంకో కిలోమీటరు కూడా వద్దు, హెడ్ గాస్కెట్ పోతుంది. ముల్లు మామూలుగానే ఉంటే ఏసీ, పాటలు, ఫోను ఛార్జర్ అన్నీ కట్టేసి, ఇంజను ఆపకుండా వెలుతురున్న చోటికి వెళ్లండి. ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. ఎంతదూరం వెళతారు? రాత్రిపూట హెడ్ లైట్లకు 9 ఆంపియర్లు, పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు, ఫ్యాను కలిపి ఇంకో 15 దాకా. మంచి బ్యాటరీ అయితే గంటసేపు నెట్టుకొస్తుంది, పాతదైతే అరగంట. ఈ మధ్యలో లైట్లు మసకబారతాయి, స్టీరింగ్ బరువెక్కవచ్చు. శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఉంటే ఆ అరగంటను లెక్కలోకి తీసుకోకండి. లైట్లు తగ్గకముందే పక్కకు తీసి ఆపండి.

పిల్లలు ఎలక్ట్రిక్ కార్ల గురించి అడగబోతున్నారని తెలుసు. వాటిలో ఆల్టర్నేటర్ లేదు, ఎందుకంటే తిప్పడానికి ఇంజను లేదు. అయినా చాలా వాటిలో 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంది. లైట్లు, హారన్, తలుపు తాళాలు, కంప్యూటర్లు దాని మీదే. పెద్ద బ్యాటరీ నుంచి కన్వర్టర్ ఒకటి దానికి ఛార్జింగ్ ఇస్తుంది. ఆ చిన్న బ్యాటరీ చస్తే, కింద వందల వోల్టులుండి కూడా బండి లేవదు. 2015లో వచ్చిన మారుతి సియాజ్ హైబ్రిడ్‌లో ఇంకో చమత్కారం చేశారు. ఆల్టర్నేటర్‌నే వెనక్కి కరెంటిచ్చి మోటారుగా తిప్పి, ఇంజనుకు చేయూతగా వాడారు. ఫారడే చూస్తే సంతోషించేవాడు. కరెంటు పుట్టించే యంత్రమే కరెంటిస్తే తిరుగుతుందని చెప్పింది ఈ పాఠమే కదా.

చివరిగా గురువులకు ఒక విన్నపం. నా షెడ్డులో ఇప్పుడు ముగ్గురు కుర్రాళ్లు పని చేస్తున్నారు. ఇద్దరు పదోతరగతి సైన్సులో తప్పినవాళ్లే. వాళ్లలో ఒకడు డయోడ్ ప్లేటు చేత్తో పట్టుకుని, త్రీ ఫేజ్ డీసీగా ఎలా మారుతుందో చాక్‌పీసుతో నేల మీద గీసి, కొత్తగా వచ్చిన ఇంజనీరింగ్ అబ్బాయికి చెప్పాడు. నేను పక్కనే నిలబడి విన్నాను, ఒక్క ముక్క తప్పు లేదు. వాడికి పరీక్షలో అడిగింది ఫ్లెమింగ్ కుడిచేతి నిబంధన నిర్వచించమని. వాడి కుడిచెయ్యి నిండా గ్రీజు ఉన్నప్పుడు అడిగి ఉంటే పాసయ్యేవాడు. వాడు బుద్ధిలేనివాడు కాదు, వస్తువు చూడకుండా మాట గుర్తుపెట్టుకోలేనివాడు. అలాంటివాళ్లు ప్రతి క్లాసులో పదిమంది ఉంటారు.

అందుకని మా బ్యాచ్ తరఫున ల్యాబుకు మూడు వస్తువులు తెచ్చాం. ఒకటి, అడ్డంగా కోసిన ఆల్టర్నేటర్, పంజా గోళ్లు, చుట్టలు, డయోడ్లు అన్నీ కనిపించేలాగా, రంగులు వేసి. రెండు, పనిచేసే ఇంకో ఆల్టర్నేటర్, చెక్క మీద బిగించింది. దాని స్టేటర్ మూడు వైర్లూ బయటికి తీశాం, రోటర్‌కు ఒక మోటారు సైకిలు బ్యాటరీ తగిలించాం, మధ్యలో స్విచ్ ఉంది. మూడు, రెండు మల్టీమీటర్లు. స్విచ్ ఆపి పుల్లీ తిప్పండి, తేలిగ్గా తిరుగుతుంది. స్విచ్ వేసి తిప్పండి, మీటర్‌లో ఏసీ వోల్టులు కనిపిస్తాయి, చేతికి ఇంకా పెద్ద తేడా తెలియదు. ఇప్పుడు మూడు వైర్ల కొనలూ ఒకదానికొకటి తగిలించి తిప్పండి. పుల్లీ బంకమట్టిలో తిరిగినట్టు బరువెక్కుతుంది. అది మాస్టారి సైకిలు పెడలే.

హాలు వెనక, కుడి వైపు బల్ల మీద ఉన్నాయి. భోజనాలకు ముందు పావుగంట ఉంది. పుల్లీ తిప్పేవాళ్లు వదులు చేతుల చొక్కాలు మడుచుకోండి, ఉంగరాలు తీసేయండి. స్విచ్ ఒక్క నిమిషం కంటే ఎక్కువసేపు వేసి ఉంచకండి, ఆ చిన్న బ్యాటరీ సాయంత్రం దాకా రావాలి.